ఆటలో ఓడిన గోపాలుడు

శ్రీమద్భాగవత దశమస్కంధమును పారాయణ చేయు గృహస్థులు అందలి 18వ అధ్యాయమును సాధారణముగా త్వరగా దాటిపోవుదురు. దానికి ముందు కాళియమర్దనము గలదు. కొంచెము తరువాత వేణుగీతము, గోవర్ధనోద్ధరణము గలవు. ఆ మహాఘట్టముల నడుమ ఈ అధ్యాయము పల్లెపిల్లల ఆటవలె చిన్నదిగా తోచును. బలరాముడు ప్రలంబాసురుని వధించెనని చెప్పుకొని పుట త్రిప్పుదుము. పాఠశాలలో గురువులయొద్ద చదివిన దినములనుండి, బడిలో సంస్కృతము చెప్పి విశ్రాంతి పొందిన దినములవరకు నేనును అట్లే త్రిప్పుచు వచ్చితిని. ఆ పుటయొద్ద నన్ను నిలిపినవాడు ఏ వ్యాఖ్యాతయు కాడు. మా అగళిలోని ఒక బాలుడు.

ఆ సంగతి మొదట విన్నవించి పిమ్మట శాస్త్రమునకు వచ్చెదను. అందు నా తప్పు ఒకటి గలదు. దానిని దాచి పాఠకులకు ధర్మము చెప్పుట తగదు.

మా అగళి మడకశిరకు ఆవల, కర్ణాటక సరిహద్దున ఉన్న ఊరు. ఒకే ఇంట తెలుగును కన్నడమును వినబడును. వేకువను నేను సంధ్యావందనమునకై చెరువువైపు వెళ్లునప్పుడు పండ్రెండు పదుమూడేండ్ల బాలుడొకడు కట్టమీద పరుగెత్తుచు కనబడుచుండెడివాడు. కాళ్లకు చెప్పులైనను లేవు. ఈ కొననుండి ఆ కొనకు, ఆ కొననుండి ఈ కొనకు పరుగెత్తుచు, నన్ను చూచి "నమస్కారం అయ్యవారూ" అని ఆగకయే పోవువాడు. బడిపిల్లలకు పరుగుపందెములు జరుగనున్నవనియు, వానికొరకే సాధన చేయుచున్నాడనియు వాని అవ్వ చెప్పెను.

పందెములు జరిగిననాటి సాయంకాలము వాడు మా అరుగుముందుగా ఇంటికి పోవుచుండగా పిలిచి, "గెలిచినావా, నాయనా?" అని అడిగితిని.

"లేదు అయ్యవారూ. ఆరోవాణ్ణి వచ్చినా. కానీ అయ్యవారూ, ఆఖరు సుట్టులో..."

"పోనీలే. ఇక చదువుమీద మనసు పెట్టు" అని వాని మాటను నడుమనే త్రుంచితిని. దయతోనే చెప్పితిననుకొంటిని. వాడు తల వంచుకొని వెళ్లెను. మరునాడు చెరువుకట్ట శూన్యముగా ఉండెను. ఆ మరునాడును అంతే. పది దినములు చూచి వాని అవ్వను అడిగితిని. "ఓడిపోయినోడు పరిగెత్తి ఏం లాభమని అయ్యవారే అన్నారంట గదా సామీ!" అని ఆమె అమాయకముగా పలికెను. నేను ఆ మాట అనలేదు. కాని వాడు విన్నది ఆ మాటయే.

ఆ రాత్రి పారాయణక్రమమున నాకు వచ్చినది దశమస్కంధములోని 18వ అధ్యాయము.

భాండీరక వటము దారిలో

అది గ్రీష్మర్తువు. ఐనను బృందావనము వసంతమువలె చల్లగా ఉండెనని శుకమహర్షి వర్ణించుచున్నాడు. రామకృష్ణులు గోపబాలురతో కూడి గోవులను మేపుచు ఆడుచున్నారు. ఆ ఆటలను శుకుడు ఎంత ఓపికతో చెప్పెనో గమనింపుడు: గంతులు వేయుట, గిరగిర తిరుగుట, విసరుట, భుజములు చరచుట, కుస్తీ పట్టుట, మారేడుకాయలతోను ఉసిరికాయలతోను ఆడుట, కన్నులు మూసి ఆడుట, కప్పలవలె దుముకుట, ఊయలలూగుట. వినుచున్న పరీక్షిన్మహారాజునకు ఆయువు ఏడు దినములు మాత్రమే. మరణమునకు ఎదురుచూచుచున్న రాజునకు కప్పగంతులు చెప్పుటకు శుకునకు తీరిక ఎట్లు కలిగెను? అట్టి సమయమున అట్టి మహాత్ముని నోట అనవసరమైన మాట రాదు. కావున ఇది పిల్లల కథ అని పుట త్రిప్పుటకు మనకు అధికారము లేదు.

గోపాలురు రెండు పక్షములుగా చీలిరి. ఒక పక్షమునకు బలరాముడు నాయకుడు, మరియొక పక్షమునకు శ్రీకృష్ణుడు నాయకుడు. ఓడినవారు గెలిచినవారిని మోయవలయుననునది నియమము. అట్లు ఆడుచు భాండీరకమను మఱ్ఱిచెట్టు వైపు సాగిరి. బలరాముని పక్షము గెలిచెను. అప్పుడు ఓడిన శ్రీకృష్ణభగవానుడు శ్రీదాముని మోసెను. భద్రసేనుడు వృషభుని మోసెను. గోపవేషమున కలిసిపోయి శ్రీకృష్ణుని పక్షమున ఆడుచున్న ప్రలంబాసురుడు బలరాముని మోసెను.

పదునాలుగు లోకములను భరించువాడు ఆటలో ఓడి గొల్లపిల్లవాని బరువు మోయుచున్నాడు. ఏ ఆటలో ఓడెనో శుకుడు చెప్పనే లేదు. ఓడినందుకు గోపాలుడు దుఃఖించెననియు చెప్పలేదు. గెలిచినందుకు శ్రీదాముడు గర్వించెననియు చెప్పలేదు. ఆడిరి, ఒకరినొకరు మోసిరి, ఆవులను మేపుచు నడిచిరి. సర్వశక్తుడు గెలువలేకపోయెనా అని శంకించు పండితులకు నాదొక్కటే మనవి: ఆటకు ఒక నియమమున్నది, ఆ నియమమునకు తానును లోబడినగాని అది ఆట కాదు. గొప్పవాడు చిన్నవారితో భేదము తోపకుండ కలిసిపోవుటను మన ఆచార్యులు సౌశీల్యమనిరి. ఆ గుణము మిక్కిలి స్పష్టముగా కనబడుచోటు భగవంతుడు ఓడిన ఈ చోటు.

ప్రలంబుని సంగతియు చూడుడు. వాడును ఓడినవాడే, నియమము ప్రకారము మోసినవాడే. కాని వాడు వచ్చినది ఆటకొరకు కాదు; వాని పని వేరు. కావుననే దింపవలసిన గీటువద్ద వాడు దింపలేదు, దానిని దాటి పరుగెత్తెను. బలరాముడు కొండవలె బరువెక్కగా వాని మాయవేషము తొలగెను, తల పగిలెను. మన కాలమున క్రీడారంగమున నిషిద్ధమైన మందులు మ్రింగి గెలువజూచువారి కథలు తరచు వినుచున్నాము. ఆటలోనికి వేరొక ప్రయోజనముతో వచ్చినవాడు గీటువద్ద ఆగజాలడు. గెలుపే సర్వమని పిల్లలకు నూరిపోయు పెద్దలు తెలియకయే వారిని ఆ గీటు దాటుటకు సిద్ధపరచుచున్నారు.

ఐదు కారణములు

శ్రీకృష్ణుడు బృందావనమున ఆడి చూపిన దానినే కురుక్షేత్రమున వాక్కుగా చెప్పెను. గీత రెండవ అధ్యాయము 38వ శ్లోకమున సుఖదుఃఖములను, లాభనష్టములను, గెలుపోటములను సమముగా తలచి యుద్ధమునకు పూనుకొమ్మని అర్జునునకు ఆనతిచ్చెను. రాజ్యము పణముగానున్న యుద్ధముననే గెలుపోటములు సమములైనచో, చెరువుకట్టమీది పరుగున అవి ఎంతటివి?

ఇది ఓడినవానిని ఓదార్చుటకు చెప్పిన తీపిమాట కాదు, తత్త్వముననుసరించిన లెక్క. ఆ లెక్క 18వ అధ్యాయమున గలదు. ఏ కార్యమునకైనను కారణములు ఐదని భగవానుడు చెప్పెను. మొదటిది శరీరము. రెండవది కర్తయైన జీవుడు. మూడవది కాలుసేతులు మొదలగు ఇంద్రియములు. నాలుగవది ఊపిరి మొదలగు ప్రాణముల వివిధ వ్యాపారములు. ఐదవది దైవము. ఈ ఐదవదియే అంతర్యామియైన పరమాత్మ అనియు, కార్యసిద్ధికి ఆయనయే ప్రధానకారణమనియు భగవద్రామానుజులు గీతాభాష్యమున వివరించిరి.

ఈ ఐదింటిని ఆ బాలుని పరుగునకు అన్వయించి చూచితిని. శరీరము తల్లిదండ్రులు ఇచ్చినది. కాళ్ల పొడవును వాడు ఎంచుకొనలేదు. ఊపిరి బలము కొంత పుట్టుకతో వచ్చినది, కొంత సాధనతో వచ్చినది. ప్రక్కన పరుగెత్తువారి బలాబలములు, ఆనాటి ఎండ, గాలి, నేల వాని వశమున లేవు. వాని వశముననున్నది ఒక్కటి: వేకువను లేచి కట్టకు వచ్చుట, వచ్చి మనసార పరుగెత్తుట. ఆరవ స్థానము ఐదు కారణములు కలిసి ఇచ్చినది. నేనో, దానికంతటికిని వానినే లెక్క అడిగితిని. వాడు తనదిగా తెచ్చిన దానినిగూర్చి ఒక్క మాటయు అడుగనైతిని.

ఆ అధ్యాయముననే 26వ శ్లోకమున సాత్త్వికుడైన కర్త ఎవడో చెప్పబడినది. వానికి ఫలమునందు తగులము లేదు. నేనే చేసితినను మాట లేదు. ధృతియు ఉత్సాహమును గలవు. కార్యము సిద్ధించినను సిద్ధింపకున్నను మనసు వికారము పొందదు. ఇందలి ధృతికి భాష్యకారులు చెప్పిన అర్థము ఎంత చక్కనిది! మొదలుపెట్టిన పని ముగియువరకు తప్పించుకొనరాని కష్టమును ఓర్చుకొనుటయే ధృతి. పనియందు మనసు ఉరకలు వేయుచుండుటయే ఉత్సాహము. మొదటిది శ్రమ, రెండవది సంతోషము. భగవానుడు కర్తను తూచిన తక్కెడకు ఈ రెండును రెండు తట్టలు. గెలుపును ఆయన ఏ తట్టలోను వేయలేదు.

ఓటమికి ఒప్పుకొనుట సోమరితనము కాదు

ఇచట కొందరు ఆక్షేపింపవచ్చును: "గెలుపు ముఖ్యము కాదన్నచో పిల్లలు సోమరులగుదురు. కొంచెము ఓడగానే ఇది దైవనిర్ణయమని చాప చుట్టుదురు." ఆక్షేపము న్యాయమైనదే. దానికి సమాధానము ఆ గీతయందే గలదు. గెలిచినప్పుడు పొంగి ఓడినప్పుడు క్రుంగువాడు రాజసుడు. ఇక అలసుడు, ఎప్పుడును విషాదము పొందువాడు, పనిని సాగదీయువాడు తామసుడు. సోమరిని భగవానుడు అన్నింటికంటె దిగువ మెట్టున నిలిపెను. రాజసమునుండి పైకెక్కుమనియే ఉపదేశము. క్రిందికి జారుమని కాదు.

మా సీమకు కీర్తి తెచ్చిన పెనుగొండ దుర్గము విజయనగర ప్రభువుల పాలనలో ముఖ్యస్థానము. ఆ ప్రభువులలో పరమవైష్ణవుడు, ఆముక్తమాల్యద కర్తయునైన శ్రీకృష్ణదేవరాయలు దేహసాధన చేయు తీరును 1520 ప్రాంతమున వచ్చిన డొమింగో పేస్ అను పోర్చుగీసు యాత్రికుడు వ్రాసియుంచెను. రాయలు తెల్లవారకముందే లేచి నువ్వులనూనె త్రాగి, ఒడలెల్ల నూనె పట్టించుకొని, మట్టితో చేసిన బరువులను ఎత్తి, కత్తి సాము చేసి, పట్టిన నూనె చెమటగా వెలువడువరకు శ్రమించి, పిమ్మట తన జెట్టీలలో ఒకనితో కుస్తీ పట్టి, గుఱ్ఱమెక్కి తెల్లవారువరకు స్వారి చేసెడివాడట. ఆ వేకువ చీకటిలో ఏ పందెమును లేదు, ఏ బహుమానమును లేదు. ఐనను ఆ సాధనకు లోటు లేదు.

మన కాలమునందలి దృష్టాంతము మరియొకటి గలదు. శ్రీకాకుళపు సీమలో, ఆమదాలవలస ప్రాంతమున పుట్టిన కరణం మల్లేశ్వరి 2000 సెప్టెంబరు 19న సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో 69 కిలోల తరగతిలో బరువులెత్తెను. ఒక పద్ధతిలో 110, వేరొక పద్ధతిలో 130, మొత్తము 240 కిలోలు. కంచు పతకము లభించెను. ఒలింపిక్ పతకము పొందిన మొదటి భారతీయ మహిళ ఆమెయే. అందరికి జ్ఞాపకమున్నది ఆ పతకము. నాకు ఆమె చివరి ప్రయత్నము గొప్పగా తోచును. స్వర్ణమును ఆశించి ఆమె 137.5 కిలోలకు పూనుకొనెను. అది నిలువలేదు. ఆ నిలువని బరువును పట్టికలో విఫలమని వ్రాసికొందురు. ధృత్యుత్సాహములను తూచువాడు మాత్రము దానిని ఎత్తిన బరువులతోపాటే లెక్కించును.

చెండాట ఆడు చక్రవర్తి

శ్రమనుగూర్చి చెప్పితిమి. ఇక సంతోషము. ఆటలోని ఆనందమును మన పెద్దలు తరచు చులకన చేయుదురు. అది కాలము వృథాపరచుటయని తలంతురు. నేనును అట్టివారిలో ఒకడను. మరి భగవద్రామానుజులు ఏమనిరో చూడుడు.

బ్రహ్మసూత్రములలో రెండవ అధ్యాయము మొదటి పాదమున ఒక ప్రశ్న వచ్చును. పరమాత్మ అవాప్తసమస్తకాముడు, అనగా పొందవలసినది ఏదియు మిగులనివాడు. అట్టివాడు జగత్తును ఏల సృజించెను? ఏ లాభము కోరెను? కేవలము లీలకొరకే అని సూత్రకారుని సమాధానము. దీనికి శ్రీభాష్యమున రామానుజులు చూపిన దృష్టాంతము, ఏడు దీవుల భూమిని ఏలుచు శౌర్యపరాక్రమములు నిండుగా గల మహారాజు చెండాట మొదలగువానిని ఆడుట. ఆ రాజునకు చెండాటవలన వచ్చు రాజ్యము లేదు, పోవు రాజ్యమును లేదు. ఆడుటయే అచట ప్రయోజనము.

వేదాంతశాస్త్రమున అత్యున్నతమైన ప్రశ్నకు మన ఆచార్యుడు సమాధానముగా ఒక చెండును చూపెను! ఫలము కోరక, కేవలము ఆనందముతో ఆడు ఆటయే సృష్టికి తగిన పోలిక అయినది. ఇట్టి ఆటను చులకన చేయుటకు మనమెవరము? పిల్లవాడు ఆటలో తన్ను తాను మరచి నవ్వునప్పుడు, వానికి తెలియకయే లీలలోని ఒక లేశమును అనుభవించుచున్నాడు.

లేపాక్షిలో పడిన పక్షి

ఆట మాట అట్లుండ, నిజమైన పోరాటమున ఓడినవానిని స్వామి ఎట్లు చూచును? ఇందుకు మేము దూరము పోనక్కరలేదు. మా ఊరినుండి మడకశిర మీదుగా హిందూపురము చేరి, అచటినుండి సుమారు 15 కిలోమీటర్లు వెళ్లినచో లేపాక్షి. సీతాదేవిని విడిపింపబోయి జటాయువు పడినచోటు అదియే అనియు, శ్రీరాముడు "లే, పక్షీ" అని పిలువగా ఆ పేరు వచ్చెననియు మా ప్రాంతపు ఐతిహ్యము.

వాల్మీకి వర్ణించిన జటాయువు వృద్ధుడు. తాను ముసలివాడననియు, రావణుడు యౌవనవంతుడు, ధనుస్సు, రథము, కవచము గలవాడనియు ఆయన తానే పలికెను. లెక్క తెలిసియు వెనుదీయలేదు. రావణుని విల్లు విరిచెను, రథము కూల్చెను. చివరకు రెక్కలు తెగి నేలకొరగెను. సీత రక్షింపబడలేదు. గెలుపోటముల పట్టికలో ఇది ఓటమి.

శ్రీరాముడు ఆ పట్టికను చూడలేదు. సీతాపహరణముకంటె ఈ పక్షి మరణమే తనకు ఎక్కువ దుఃఖమని లక్ష్మణునితో చెప్పెను. తండ్రియైన దశరథునివలె పూజ్యుడనెను. తన చేతులతో చితి పేర్చి దహనసంస్కారము చేసెను. యుద్ధమున వెనుదిరుగనివారు పొందు లోకములకు, సర్వోత్తమములైన లోకములకు పొమ్మని అనుజ్ఞ ఇచ్చెను. "సీతను తెచ్చితివా?" అని స్వామి అడిగియుండవచ్చును. అట్లు అడుగలేదు. నేను మా అరుగుమీద కూర్చుండి పండ్రెండేండ్ల బాలుని అడిగితిని.

ఉట్లమాను

మా రాయలసీమ పల్లెలలో శ్రీకృష్ణాష్టమికి ఉట్లమాను నిలుపుదురు. తిరుమలలో గోకులాష్టమి మరునాడు జరుగు ఉట్లోత్సవమును యాత్రికులు పలువురు చూచియుందురు. పొడవైన మ్రానును నున్నగా చెక్కి, దానికి జిగురును నూనెయు పూసి, కొనయందు ఉట్టి కట్టుదురు. యువకులు ఎక్కజూతురు. క్రిందివారు నీళ్లు చల్లుదురు. జనమంతయు నవ్వుదురు.

చిన్ననాటినుండి చూచుచున్న ఆ వేడుకలోని కిటుకు నాకు ఈ మధ్యనే తెలిసెను. మొదట ఎక్కువాడు రెండు బారలు ఎక్కి జారును. జారునప్పుడు వాని రొమ్మును తొడలును మ్రానిమీది జిగురును కొంత తుడిచివేయును. రెండవవాడు ఇంకొక మూర పైకి పోవును. వాడును జారుచు తుడుచును. ఇట్లు పదిమంది, ఇరువదిమంది జారిన పిమ్మట ఒకడు ఉట్టిని అందుకొనును. బహుమానము వానిది. కాని వాడు ఎక్కినది జారినవారందరు తుడిచిన మ్రాను. జారినవారు లేనిదే ఎక్కినవాడు లేడు. మరి ఉత్సవము ఎవరిది? క్రింద బురదలో పడి నవ్వుచున్నవాడు గోపాలుని ఉత్సవమునకు వెలుపల ఉన్నాడా? వానిని మోయుటకు భాండీరకముదారిలో ఒకడు ముందే సిద్ధపడినాడు కదా!

లోకమున ఇతరుల అనుభవము

ఈ భావము మన శాస్త్రములకే పరిమితము కాదు. 1908లో లండను నగరమున ఒలింపిక్ క్రీడలు జరుగుచుండగా, జూలై 19న అచటి సెయింట్ పాల్ ప్రార్థనాలయమున ఎథెల్బర్ట్ టాల్బట్ అను అమెరికాదేశపు క్రైస్తవ మతాచార్యుడు ఉపన్యసించుచు, బహుమానముకంటె క్రీడయే గొప్పదను భావమును బోధించెను. ఆధునిక ఒలింపిక్ క్రీడలను నెలకొల్పిన పియెర్ ద కూబెర్తాన్ ఆ మాటను గ్రహించి కొన్ని దినములలోనే లోకమునకు చాటెను. ఒక మతాచార్యుని ప్రవచనము క్రీడాలోకమునకు సూత్రమైనది.

మా జిల్లాకేంద్రముగా పూర్వమున్న అనంతపురమున 2010లో స్పెయిన్ దేశపు టెన్నిసు వీరుడు రఫాయెల్ నాదల్ తన సంస్థద్వారా పిల్లలకు ఒక టెన్నిసు పాఠశాలను తెరిపించెను. అచట ఆటతోపాటు ఆంగ్లభాషయు కంప్యూటరును నేర్పు ఏర్పాటు చేసిరి. ప్రపంచమున ఎన్నో విజయములు పొందినవాడు పేదపిల్లల కొరకు తెరిచిన బడియందు ఆటను చదువుతో జతపరచెను.

2016 ఆగస్టు 19న రియో నగరమున మన తెలుగు బిడ్డ పి.వి. సింధు బ్యాడ్మింటన్ అంతిమ పోటీలో కరోలినా మారిన్ చేతిలో ఓడెను. మొదటి ఆట 21-19గా గెలిచి, తరువాతి రెండును 12-21, 15-21గా కోల్పోయెను. గెలిచిన మారిన్ ఆనందముతో నేలమీద వ్రాలి కన్నీరు కార్చుచుండగా, ఓడిన సింధు వల దాటి వెళ్లి ఆమెను లేపి కౌగిలించుకొనెను. ఆమె జారవిడిచిన రాకెట్టును తీసి ఆమె సంచియొద్ద ఉంచెను. శ్రీదాముని మోసిన గోపాలుని కథ తెలిసినవారికి ఆ దృశ్యము క్రొత్తది కాదు.

గృహస్థులకు మనవి

శ్రీవైష్ణవ గృహములలో ఏ కైంకర్యమునకైనను ముందు సాత్త్వికత్యాగము చెప్పు ఆచారము గలదు. ఈ కర్మను భగవంతుడే, తన ప్రీతికొరకు, నాచేత చేయించుచున్నాడని దాని తాత్పర్యము. ఆ భావమును పూజగదికే పరిమితము చేయనేల? ఆటకు పోవు పిల్లవానికిని దానిని నేర్పవచ్చును. "నాయనా, స్వామి సంతోషించునట్లు ఆడి రమ్ము" అని పంపుడు. స్వామి సంతోషించుటకు వాడు ప్రథముడు కానక్కరలేదు. ఉన్న బలమును దాచుకొనకుండిన చాలును, ఆడుటలో ఆనందించిన చాలును. గెలిచి వచ్చినచో ఆ గెలుపును స్వామి పాదములయందు ఉంచుమనుడు. ఓడి వచ్చినచో ఆ ఓటమినికూడ అచటనే ఉంచుమనుడు. రెండింటిని ఒకే పళ్లెమున నివేదింప నేర్చినవాడు రేపు సంసారమున వచ్చు లాభనష్టములకును భయపడడు.

ఇంటికి వచ్చిన బిడ్డను మొదట అడుగు ప్రశ్న మిక్కిలి ముఖ్యమైనది. "గెలిచినావా?" అను ప్రశ్నకు వానివద్ద ఉండు సమాధానము ఒక్క మాట. "ఎట్లు ఆడితివి? ఏది కష్టమనిపించెను? ఏది సంతోషము కలిగించెను?" అని అడిగినచో వాడు భోజనము ముగియువరకు చెప్పును. ఆ చెప్పుటలోనే వాని శ్రమకు ఫలము వానికి దక్కును.

ఈ సంగతి తెలిసిన పిమ్మట నేను ఊరకుండలేకపోతిని. వాని ఇంటికి వెళ్లి, "నాయనా, ఆనాడు నీ మాట నేను విననైతిని. ఆఖరి చుట్టులో ఏమి జరిగినది?" అని అడిగితిని. వాడు కొంతసేపు నా ముఖమునే చూచెను. పిమ్మట మెల్లగా పలికెను: "ఆఖరు సుట్టులో నలుగుర్ని దాటినా అయ్యవారూ. కాళ్లు నేలకు తగల్లేదు. గాల్లో పోయినట్ల ఉండె."

అరువది యేండ్లు దాటిన నేను, ఇన్ని గ్రంథములు చదివి, ఆ మాట వినుటకు ఒక అరనిమిషము ఓర్చుకొననైతిని. దానిని త్రుంచినందుకు వానిని క్షమింపుమని కోరితిని. వాడు సిగ్గుపడి లోనికి పరుగెత్తెను.

ఇప్పుడు వాడు కొన్ని దినములు కట్టమీద కనబడుచున్నాడు; కొన్ని దినములు కనబడుట లేదు. ఒకసారి తెగిన ఉత్సాహము వెంటనే అతుకుకొనదు. కనబడిన దినమున నేను దారి తొలగి నిలుచుందును. "ఎట్లుంది నాయనా ఈ పొద్దు?" అని అడుగుదును. వాడు ఆగకయే జవాబు చెప్పుచు పోవును. ఆ సమయమున నాకు భాండీరకమునకు పోవు దారియు, దానిమీద శ్రీదాముని మోయుచు నడుచు నల్లని బాలుడును మనసున మెదలుదురు.

ఓడియు నవ్వుచు తన సఖుని మోసిన ఆ గోపాలుడు మన యిండ్ల పిల్లలకు ధృతిని, ఉత్సాహమును ప్రసాదించుగాక! వారి మాట వినుటకు పెద్దలమైన మనకు ఓర్పును అనుగ్రహించుగాక!